సూటు లేకుండా ఏ గ్రహం మీద ఎక్కువసేపు బతుకుతాం?

పాలకొల్లు పద్మ | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో "ఇతర గ్రహాల మీద మనిషి" అని ప్రాజెక్టు ఇచ్చారు. గ్రహాల బొమ్మలు అంటించి, పక్కన ఉష్ణోగ్రతలు రాసి ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. అన్నం తింటూ అడిగింది: "అమ్మా, సూటూ గీటూ ఏమీ లేకుండా, ఇప్పుడు వేసుకున్న బట్టలతోనే దింపేస్తే ఏ గ్రహం మీద ఎక్కువసేపు బతుకుతాను?" అంగారకుడు అన్నాను. "ఎంతసేపు?" అంది. అక్కడ దొరికిపోయాను. వాళ్ల నాన్న పెరుగన్నం కలుపుకుంటూ "ఓ అరగంట ఉండొచ్చులే" అన్నారు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. సోమవారం ఇచ్చేయాలి.

నక్షత్రకుడు | రాత్రి 8:52

అరగంట కాదండీ, అర నిమిషం కూడా స్పృహలో ఉండదు.

అంగారకుడి నేల మీద గాలి పీడనం సగటున 6 మిల్లీబార్లు. మన సముద్ర మట్టంలో 1013. నూటికి ఒక వంతు కూడా లేదు. భూమి మీద అంత పల్చని గాలి కావాలంటే సుమారు 35 కిలోమీటర్ల ఎత్తుకి పోవాలి. మనం ఎక్కే విమానాలు తిరిగేది 10-12 కిలోమీటర్లలోనే. 19 కిలోమీటర్లు దాటితే చాలు, మన ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి. దాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ హద్దు అంటారు. చంద్రుడి మీద దిగినాయన కాదు, హ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని అమెరికా వైమానిక దళంలో డాక్టరు.

మిగతావి ఇంకా అన్యాయం. బుధుడికి చెప్పుకోదగ్గ గాలే లేదు, పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. శుక్రుడి నేల 460 డిగ్రీలు, పైగా 92 రెట్ల పీడనం, అంటే సముద్రంలో 900 మీటర్ల లోతున నిలబడ్డట్టు. గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లకి కాలు పెట్టడానికి నేలే లేదు. 1995లో గెలీలియో అనే నాసా నౌక నుంచి గురుడిలోకి వదిలిన పరికరం గంటసేపు పడుతూనే ఉండి మూగబోయింది. కాబట్టి పోటీ అంతా సెకన్లలోనే.

పెసరట్టు ఉప్మా | రాత్రి 8:58

పద్మగారి వారి పెరుగన్నం పూర్తయ్యేలోపే అంతా అయిపోతుందన్నమాట.

మత్తు డాక్టర్ | రాత్రి 9:31

ఆపరేషన్ థియేటర్లో నా పనంతా ఆక్సిజన్ లెక్కే కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా నచ్చింది.

ముందు సినిమాలు నేర్పిన అబద్ధాలు తీసేద్దాం. శూన్యంలో మనిషి పేలిపోడు. పెద్దలు ఒంటిని తోలుతిత్తి అన్నది ఇక్కడ అక్షరాలా నిజం, తిత్తి గట్టిదే. ఉబ్బుతుంది కానీ చిరగదు. వెంటనే గడ్డకట్టడు కూడా. ఫ్లాస్కులో కాఫీ వేడిగా ఉండేది గోడల మధ్య శూన్యం వల్లే కదా, వేడి అంత తొందరగా పోదు. రక్తం కుతకుతా ఉడకదు, నాళాల్లో దానికుండే ఒత్తిడి కొంత కాపాడుతుంది. తడిగా బయటికి తెరుచుకున్నచోట్ల, అంటే నాలుక, కళ్లు, ఊపిరితిత్తుల లోపలి పొర, అక్కడ నీరు మరుగుతుంది.

మరి పది పదిహేను సెకన్లలో స్పృహ ఎందుకు పోతుంది? గోదాట్లో మునిగి నిమిషం ఉండే పిల్లలున్నారు కదా? నీళ్లలో మునిగినప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలి నుంచి రక్తం ఆక్సిజన్ లాక్కుంటూనే ఉంటుంది. శూన్యంలో ఊపిరితిత్తులు ఎదురు తిరుగుతాయి: రక్తంలో ఉన్న ఆక్సిజనే బయటికి పోతుంది. ఆ ఖాళీ రక్తం గుండె దాటి మెదడు చేరేందుకు పట్టే టైమే ఆ పది సెకన్లు. పోనీ ఊపిరి బిగపడదామంటే ఇంకా ప్రమాదం, లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి. కాబట్టి అమ్మాయికి చెప్పండి, అంగారకుడి మీద దింపేస్తే నోరు తెరిచి ఉన్న గాలంతా వదిలేయాలి.

ఇది ఊహ కాదు. 1966 డిసెంబరులో హ్యూస్టన్‌లో నాసా వాక్యూమ్ గదిలో జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్ సూటు పరీక్షిస్తుండగా గొట్టం ఊడింది. 14 సెకన్లకి పడిపోయాడు. నాలుక మీద ఉమ్మి బుడగలు కట్టడమే చివరగా గుర్తుందని తర్వాత చెప్పాడు. వెంటనే గదిలోకి గాలి వదలడంతో బతికాడు. ఆ దశాబ్దంలోనే అమెరికా వైమానిక దళం కుక్కల మీద పరీక్షలు చేసింది. ఒకటిన్నర నిమిషంలోపు గాలి అందినవి చాలావరకు కోలుకున్నాయి. రెండు నిమిషాలు దాటినవి కోలుకోలేదు.

1971 జూన్ 30న సోయుజ్ 11 తిరిగొస్తుండగా 168 కిలోమీటర్ల ఎత్తున ఒక వాల్వు తెరుచుకుంది. లోపల ముగ్గురు. దొబ్రోవోల్స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్. సూట్లు లేవు, క్యాబిన్‌లో వాటికి చోటు లేదు. క్యాప్సూల్ మాత్రం చక్కగా దిగింది. తలుపు తీసేసరికి ముగ్గురూ సీట్లలో కదలకుండా ఉన్నారు. ఇప్పటిదాకా అంతరిక్షంలోనే చనిపోయినవాళ్లు ఆ ముగ్గురే.

పాలకొల్లు పద్మ | రాత్రి 9:47

డాక్టరుగారూ, చదువుతుంటే నాకే ఊపిరాడలేదు. పిల్లకి చదివి వినిపించాను. ఏమాత్రం భయపడలేదు సరికదా "ఉమ్మి బుడగలు" అని రాసుకుంది.

హ్యూస్టన్ హరి | రాత్రి 10:15

మా ఊరి పేరు వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. నాసాలో కాదండోయ్, పక్కనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

డాక్టర్‌గారి తిత్తికి ఇంకో సాక్ష్యం. 1960 ఆగస్టు 16న జో కిట్టింజర్ బెలూన్‌లో 31 కిలోమీటర్లు ఎక్కి దూకాడు. అక్కడి పీడనం దాదాపు అంగారకుడి లోతట్టు ప్రాంతాల స్థాయే. పైకి వెళ్తుండగా కుడి గ్లవ్‌లోకి గాలి రావడం ఆగింది. చెయ్యి రెండింతలు ఉబ్బింది. చెబితే దింపేస్తారని కింద ఎవరికీ చెప్పలేదు. దూకాడు, దిగాడు, కొన్ని గంటల్లో చెయ్యి మామూలైపోయింది. చర్మాన్ని గట్టిగా నొక్కి ఉంచితే చాలు, చుట్టూ గాలి నింపక్కర్లేదన్న ఆలోచనతో ఒంటికి అతుక్కునే సూట్లు తయారుచేయాలని ఎంఐటీలో దావా న్యూమన్ ఏళ్లుగా ప్రయత్నించారు.

నేను చెప్పేది ఏంటంటే, సూటు లేకుండా ఎంతసేపు అన్నది పిల్లలకి సరదా ప్రశ్న. భూమి మీదే మనం సూటు లేకుండా ఎక్కడ బతుకుతున్నాం? అంటార్కిటికాలో రష్యావాళ్ల వోస్తోక్ స్టేషన్‌లో 1983లో మైనస్ 89.2 నమోదైంది, అక్కడా మనుషులు శీతాకాలం గడుపుతున్నారు. అంటార్కిటికాలో మన మైత్రి, భారతి స్టేషన్లు లేవా? అంగారకుడు కూడా అంతే. ఇల్లు కట్టుకుని లోపల కూర్చుంటాం.

సింగరేణి సత్తెన్న | రాత్రి 10:40

హరి బాబూ, నేను ముప్పై ఏండ్లు బొగ్గు బాయి దిగినోణ్ణి. అంటార్కిటికాలో తలుపు తీస్తే చలి ఉంటది, గాలి కూడా ఉంటది. ఆ ఒక్క ముక్క మర్చిపోయినవు.

బాయిల గాలి అనేది పైసలు పెట్టి కొనుక్కునే వస్తువు. పైన పెద్ద ఫ్యాను ఆగిందంటే కింద పని ఆపి మనుషుల్ని బయటికి తోలాల్సిందే. మా పని చూసే సర్దార్ చేతుల సేఫ్టీ ల్యాంపు ఉండేది. ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడితే ఆ దీపం ఆరిపోతది. మనిషికి అప్పుడింకా ఏం తెల్వదు, కొంచెం ఆయాసం, కొంచెం తలనొప్పి, అంతే. గాలి తక్కువైన సంగతి మనిషికంటే ముందు దీపానికే తెలుస్తది. నువ్వు కట్టుకునే ఇంట్ల ఆ దీపం ఎవరు పట్టుకుంటరు?

నక్షత్రకుడు | రాత్రి 10:58

సత్తెన్న, మీ దీపం లెక్క వినగానే బయోస్ఫియర్ 2 గుర్తొచ్చింది. అరిజోనాలో మూడెకరాల పైచిలుకు అద్దాల మేడ. 1991 సెప్టెంబరులో ఎనిమిదిమంది లోపలికెళ్లి తలుపు మూసుకున్నారు. రెండేళ్లు బయటి గాలి వద్దు, తిండి వద్దు అన్నారు. పొలం, చిన్న అడవి, చిట్టి సముద్రం కూడా లోపలే.

నెలకింత చొప్పున ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది. ఎక్కడికి పోతోందో తెలియలేదు. 20.9 నుంచి 14 శాతం దగ్గరికి దిగింది. మీ ల్యాంపు ఎప్పుడో ఆరిపోయి ఉండేది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర మధ్యలో ఉలిక్కిపడి లేవడం. చివరికి 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది.

దొంగలు ఇద్దరు. పంటలు బాగా పండాలని ఎరువు దట్టించిన మట్టి వేశారు, అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. అదైనా గాలిలో ఉంటే మొక్కలు తీసుకుని ఆక్సిజన్ తిరిగిచ్చేవి. ఆరీ ఆరని కాంక్రీటు దాన్ని తాగేసింది. మన సున్నం గోడ గాలి తగిలి గట్టిపడుతుందే, అదే పని. గోడలు తమ ఊపిరి తాగేస్తాయని ఎవరు అనుకుంటారు?

ఇంకోటి. ఆ ఎనిమిదిమంది నలుగురు నలుగురుగా చీలిపోయి మాటలు మానేశారు. ఆకలి, ఆయాసం, పక్కవాడి ముఖం. అది కూడా భూమి మీద, తలుపు తీస్తే బయట అరిజోనా.

పెసరట్టు ఉప్మా | రాత్రి 11:04

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఆక్సిజన్ ఫుల్లుగానే ఉంది, అయినా మూడు ముక్కలైంది.

త్రిశంకు | ఆదివారం, ఉదయం 6:20

రాత్రి షిఫ్టు అయ్యాక చూశాను. పద్మగారి అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు ఎవరూ చెప్పలేదు. "నేల మీద" అని ఆ పిల్ల అనలేదు.

శుక్రుడి నేల నరకం, నిజమే. 1982 మార్చి 1న దిగిన సోవియట్ నౌక వెనెరా 13 ఇనుప గుండులాంటిది, అదే 127 నిమిషాలు ఆగింది. కానీ అదే శుక్రుడిలో 50 నుంచి 55 కిలోమీటర్ల పైకి వస్తే కథ వేరు. 50 దగ్గర పీడనం మన ఇంటి ముందున్నట్టే ఉంటుంది, ఎండ మాత్రం 75 డిగ్రీలు. 55 దగ్గర 27 డిగ్రీలు, పీడనం మనదాంట్లో సగం. గురుత్వాకర్షణ భూమి మీదున్నదాంట్లో తొంభై శాతం. సౌరకుటుంబంలో భూమి తర్వాత మామూలు చొక్కాతో నిలబడదగ్గ వాతావరణం అదొక్కటే. తలకి ఆక్సిజన్ మాస్కు, ఒంటికి ఆసిడ్ తగలని కోటు చాలు. అక్కడి మబ్బులు సల్ఫ్యూరిక్ ఆసిడ్ అనుకోండి.

మరి ఎక్కడ నిలబడాలి అంటారా? చుట్టూ ఉన్నది బరువైన కార్బన్ డయాక్సైడ్ కాబట్టి మనం పీల్చే మామూలు గాలి నింపిన బెలూనే తేలుతుంది. ఇల్లే బెలూను. చిల్లు పడినా లోపలా బయటా ఒత్తిడి ఒకటే కాబట్టి గాలి ఒక్కసారి బుస్సున పోదు, నింపాదిగా అతుకు వేసుకోవచ్చు. 1985లో సోవియట్‌లు వేగా నౌకల నుంచి రెండు బెలూన్లు ఆ ఎత్తునే వదిలారు. రెండేసి రోజులు పనిచేశాయి. నాసా కూడా అక్కడ మనుషుల్ని తేల్చడం మీద హావోక్ అని ఒక అధ్యయనం చేసింది.

నా పేరు ఊరికే పెట్టుకోలేదు. పైకి పోలేక, కిందికి రాలేక నడిమధ్యన వేలాడే స్వర్గం కావాలంటే శుక్రుడే.

మత్తు డాక్టర్ | ఉదయం 7:45

త్రిశంకుగారి బెలూన్ అంచు మీద మాస్కు లేకుండా నిలబెడితే ఎలా ఉంటుందో లెక్కేశాను. అక్కడ ఊపిరి బిగపట్టొచ్చు, పీడనం సరిపోతుంది. కానీ పీలిస్తే దాదాపు స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్. రెండు మూడు ఊపిర్లకే పడిపోతాం. అంటే పిల్ల ఎంతసేపు బిగపట్టగలదో అంతసేపు. ఒక నిమిషం అనుకోండి, కళ్లు మూసుకుని. మొదటి స్థానం శుక్రుడికే ఇస్తున్నా.

నక్షత్రకుడు | ఉదయం 8:10

అభ్యంతరం. గ్రహం కాదు గానీ టైటన్‌ని వదిలేస్తే ఎలా? శని ఉపగ్రహం. పీడనం మనకన్నా ఒకటిన్నర రెట్లు, కాబట్టి ప్రెషర్ సూటు అక్కర్లేదు. గాలిలో 95 శాతం నైట్రోజనే. 2005 జనవరి 14న హ్యూగెన్స్ అనే పరికరం దిగి గంటకు పైగా అక్కడి నుంచి కబుర్లు పంపింది. గురుత్వాకర్షణ మనలో ఏడో వంతు, గాలి మనకన్నా నాలుగు రెట్లు చిక్కన. చేతులకి రెక్కలు కట్టుకుని ఊపితే మనిషి నిజంగా ఎగరగలడు.

చిక్కల్లా చలి. మైనస్ 179.

మత్తు డాక్టర్ | ఉదయం 8:22

ఆ చిక్కని గాలి ఒంట్లో వేడిని శూన్యంలా వదలదు, జలగలా లాగేస్తుంది. మామూలు బట్టలతో అయితే కళ్లు, వేళ్లు ముందు పోతాయి. ఒక్క ఊపిరి పీల్చినా గొంతు లోపలంతా గడ్డకడుతుంది. శుక్రుడి నిమిషం కన్నా తక్కువే. కానీ కరెంటుతో వేడెక్కే బట్టలు, మాస్కు ఇవ్వండి, టైటన్ మీద గంటలు తిరగొచ్చు. అవే అంగారకుడి మీద ఇస్తే ఉపయోగం లేదు.

సింగరేణి సత్తెన్న | ఉదయం 9:05

టైటన్ గాలిల మిగతా 5 శాతం ఏంది?

నక్షత్రకుడు | ఉదయం 9:07

మీథేన్. చెరువులు కూడా మీథేన్, ఈథేన్‌లే. వాన కూడా అదే.

సింగరేణి సత్తెన్న | ఉదయం 9:20

ఓరి నాయనో. బాయిల మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు కొట్టేయాలె. 5 నుంచి 15 శాతం నడుమ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతది. మీరు చెరువుల ఒడ్డున ఇల్లు కడతా అంటున్నరు.

నక్షత్రకుడు | ఉదయం 9:34

అక్కడ ఆక్సిజన్ లేదు కాబట్టి అగ్గిపుల్ల గీసినా వెలగదు సత్తెన్న. ఊరంతా మీథేనే అయినా ప్రమాదం లేదు.

ప్రమాదం మీ ఇంట్లోనే. లోపల ఆక్సిజన్ ఉంటుంది కదా. ఇంటికి సందు పడి బయటి గాలి లోపలికి వచ్చినా, లోపలి గాలి బయటికి పోయినా, ఆ సందు దగ్గర మీ బాయి తయారవుతుంది. భూమి మీద మనం గ్యాస్ సిలిండర్‌ని చూసి భయపడతాం. టైటన్ మీద ఆక్సిజన్ సిలిండర్‌ని చూసి భయపడాలి.

సింగరేణి సత్తెన్న | ఉదయం 9:36

గిది మంచిగ చెప్పినవ్.

హ్యూస్టన్ హరి | ఉదయం 10:50

శుక్రుడూ టైటనూ కబుర్లకి బాగుంటాయి. టైటన్‌కి వెళ్లడానికే ఏడేళ్లు పట్టింది. మనిషి నిజంగా వెళ్లేది అంగారకుడికే. నీటి మంచు ఉంది, 24 గంటల 39 నిమిషాల రోజు ఉంది, ఏడు నెలల ప్రయాణం. పర్సెవరెన్స్ రోవర్‌లో మాక్సీ అనే పెట్టె అక్కడి గాలిలోంచే ఆక్సిజన్ తీసింది.

ఇక్కడ జాన్సన్ స్పేస్ సెంటర్‌లో 2023 జూన్ నుంచి 2024 జులై వరకు నలుగురు 378 రోజులు, త్రీడీ ప్రింటర్‌తో కట్టిన 1700 చదరపు అడుగుల ఇంట్లో తలుపులు మూసుకుని ఉన్నారు. కూరగాయలు పండించుకున్నారు. మాట బయటికి చేరడానికి నిజంగా అంగారకుడి నుంచి అయినట్టే ఆలస్యం పెట్టారు. నవ్వుతూ బయటికొచ్చారు. ఎవరూ రెండు ముక్కలు కాలేదు.

మెట్టరైతు | ఉదయం 11:30

మాక్సీ ఎంత తీసిందో కూడా చెప్పండి హరిగారూ. రెండేళ్లలో మొత్తం 122 గ్రాములు. మనిషికి రోజుకు 840 గ్రాములు కావాలి. మూడున్నర గంటల ఊపిరి.

హ్యూస్టన్ హరి | ఉదయం 11:41

అది అన్యాయం అన్నా. దాన్ని నడిపిందే 16 సార్లు, అది ప్రయోగం మాత్రమే. బాగా నడిచినప్పుడు గంటకి 12 గ్రాములు తీసింది. మనిషికి గంటకి 35 కావాలి. అలాంటివి మూడు ఆపకుండా నడిస్తే ఒక మనిషికి సరిపోతుంది. పెట్టె సైజు మైక్రోవేవ్ ఓవెన్ అంత.

మెట్టరైతు | మధ్యాహ్నం 12:25

ఆ లెక్క ఒప్పుకుంటున్నా. తిండి సంగతి చూద్దాం, అది నా సబ్జెక్టు.

2008లో ఫీనిక్స్ అనే నాసా నౌక అంగారకుడి మీద దిగినచోట మట్టిని పరీక్షిస్తే దాదాపు అర శాతం పెర్క్లోరేట్ లవణాలు తేలాయి. థైరాయిడ్‌ని దెబ్బతీసే సరుకు. అందులో పండిన ఆకుకూర తింటే అది మనకే చేరుతుంది. మా వైపు చౌడు నేల ఉంటుంది. జిప్సం వేసి, మడికట్టి నీళ్లు నిలబెట్టి, ఆ నీళ్లు బయటికి తీసేస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. పెర్క్లోరేట్ కూడా నీళ్లలో కరిగేదే కాబట్టి కడిగితే పోతుంది. మాకు కాలవ ఉంది. అక్కడ ఆ నీళ్లని మంచు తవ్వి, కరిగించి, వాడాక మళ్లీ శుద్ధి చేసుకోవాలి. ఎకరాకి ఎంత నీళ్లు పడతాయో తెలిసినవాణ్ణి కాబట్టి నవ్వొస్తోంది.

మట్టి మానేసి నీళ్లలోనే పెంచుతామంటారు. అది నయం. శుభాంశు శుక్లా 2025లో స్పేస్ స్టేషన్‌లో మెంతులు, పెసలు మొలకెత్తించాడు కదా. మొలక రావడం వేరు, గింజ కట్టడం వేరు. అయినా నాకు ఇష్టమైన వార్త అదే.

పెసరట్టు ఉప్మా | మధ్యాహ్నం 12:31

పెసలు మొలకెత్తాయా! ఇక అంగారకుడి మీద నాకు ఏ లోటూ లేదు.

మోడరేటర్ | మధ్యాహ్నం 2:00

రాకెట్లకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఎన్ని బడులు కట్టొచ్చు అన్న గొడవ, ఆ కోటీశ్వరుడు మంచోడా చెడ్డోడా అన్న గొడవ వేరే చర్చకి మార్చాను. మొత్తం 19 వ్యాఖ్యలు. ఇక్కడ పిల్ల ప్రాజెక్టు నడుస్తోంది.

మత్తు డాక్టర్ | మధ్యాహ్నం 3:15

హరిగారి 378 రోజుల ఇంట్లో రెండు విషయాలు లేవు. రేడియేషన్, తక్కువ గురుత్వాకర్షణ. హ్యూస్టన్ నేల మీద అవి ఇవ్వలేరు.

క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్లే దారిలో కొలిచిన రేడియేషన్ రోజుకు 1.8 మిల్లీసీవర్టులు. పొట్టకి తీసే సీటీ స్కాన్ 10 దాకా ఉంటుంది. అంటే దారి పొడుగునా ఐదారు రోజులకి ఒక సీటీ స్కాన్ తీయించుకున్నట్టు. దిగాక రోజుకు 0.65 దగ్గర. వెళ్లి, ఏడాదిన్నర ఉండి, తిరిగొస్తే మొత్తం దాదాపు 1000. నాసా ఒక వ్యోమగామికి ఉద్యోగ జీవితం మొత్తానికి పెట్టుకున్న హద్దు 600. వెంటనే చావరు, క్యాన్సర్ అవకాశం పెరుగుతుంది. సూర్యుడు కోపగించిన రోజు సంగతి వేరు. 1972 ఆగస్టులో భారీ సౌర తుఫాను వచ్చింది. ఏప్రిల్‌లో అపోలో 16 తిరిగొచ్చేసింది, డిసెంబరులో 17 వెళ్లింది. ఆ నడుమ వచ్చింది కాబట్టి సరిపోయింది.

అందుకే అక్కడ ఇల్లు అంటే హరిగారు అనుకునే ఇల్లు కాదు. నేల కింద ఉండాలి.

నక్షత్రకుడు | మధ్యాహ్నం 3:40

నేల కింద అంటే మన చంద్రయాన్-3 ఒక అందమైన లెక్క ఇచ్చింది. విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మట్టిలోకి థర్మామీటరు గుచ్చింది. పైన 50 డిగ్రీలు దాటింది. 8 సెంటీమీటర్ల కింద మైనస్ 10. జానెడు కూడా లేదు, బెత్తెడు లోతు. ఆ మట్టి అంత మంచి దుప్పటి.

సింగరేణి సత్తెన్న | మధ్యాహ్నం 3:52

అంటే లక్షల మైళ్లు పోయి మళ్లా బాయి దిగుడే.

హ్యూస్టన్ హరి | మధ్యాహ్నం 4:30

సత్తెన్నా, అందుకే మొదటి బ్యాచ్‌లో మీలాంటివాళ్లే కావాలి, మాలాంటి కోడింగ్ బ్యాచ్ కాదు :)

ఒప్పుకుంటున్నా, మొదటి రోజు నేను అన్నంత తేలిక కాదు. కానీ ఎప్పటికీ ఇలాగే ఉండక్కర్లేదు కదా. ధ్రువాల దగ్గర గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ కరిగిస్తే గాలి చిక్కబడుతుంది, వేడెక్కుతుంది.

నక్షత్రకుడు | సాయంత్రం 4:48

ఆ ఆశ మీద 2018లో జకోస్కీ, ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్తలు నీళ్లు చల్లారు. ధ్రువాల మంచు, మట్టి, రాళ్లు అన్నిట్లో అందుబాటులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ అంతా తీసి గాలిలో కలిపినా పీడనం 20 మిల్లీబార్ల దగ్గరే ఆగుతుందని లెక్కగట్టారు. ఆర్మ్‌స్ట్రాంగ్ హద్దు 63. అప్పుడూ ఉమ్మి బుడగలే.

మత్తు డాక్టర్ | సాయంత్రం 5:20

గురుత్వాకర్షణ మాట మిగిలిపోయింది. స్పేస్ స్టేషన్‌లో వ్యాయామం చేయకపోతే నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం ఎముక కరుగుతుంది. అందుకే రోజూ రెండు గంటలు కసరత్తు. సునీతా విలియమ్స్ 286 రోజుల తర్వాత దిగినప్పుడు స్ట్రెచర్ మీద తీసుకెళ్లడం అందరూ చూశారు. అది జబ్బు కాదు, అందరికీ చేసే పద్ధతే. రష్యా వ్యోమగామి పొల్యకోవ్ ఒకే విడతలో 437 రోజులు ఉండొచ్చాడు.

ఇవన్నీ సున్నా లెక్కలు. అంగారకుడి 38 శాతం ఎముకలకి సరిపోతుందా లేదా అన్నది ఎవరికీ తెలియదు, అంత గురుత్వాకర్షణలో ఎవరూ బతికి చూడలేదు. చంద్రుడి ఆరో వంతులో నడిచిన 12 మందిలో ఎక్కువసేపు ఉన్నవాళ్లే మూడు రోజులు ఉన్నారు.

పాలకొల్లు పద్మ | రాత్రి 7:10

అన్నీ చదివి వినిపించాను. పిల్ల రెండో ప్రశ్న వేసింది, క్షమించాలి. "అక్కడే పుట్టిన పాప పెద్దయ్యాక మన ఇంటికి వస్తే నడవగలదా?"

మత్తు డాక్టర్ | రాత్రి 7:42

పెద్దవాళ్లం రెండు రోజులు కొట్టుకున్నదానికన్నా ఇది పెద్ద ప్రశ్న.

ఏ మనిషీ భూమి బయట పుట్టలేదు. 1994లో కొలంబియా నౌకలో మెడాకా అనే జపాన్ చేపలు జతకట్టి గుడ్లు పెట్టాయి, పిల్లలు బయటికొచ్చాయి. వెన్నెముక ఉన్నవాటిలో అలా చేసినవి అవే మొదలు. చేప నీళ్లలో తేలుతూనే ఉంటుంది కాబట్టి దానికి పెద్ద తేడా తెలియకపోవచ్చు. ఎలుకల పిండాలని స్పేస్ స్టేషన్‌లో నాలుగు రోజులు పెంచి చూశారు, తొలిదశ వరకు బాగానే ఎదిగాయి. నెలలు నిండిన ఎలుక పిల్ల మాత్రం ఇంతవరకు లేదు.

తప్పటడుగులు వేసే పిల్లకి కాలి ఎముక గట్టిపడేది బరువు మోయడం వల్లే. అంగారకుడి మీద ఆ బరువు మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ. ఆ పాప ఇరవయ్యేళ్లకి మీ ఇంటికి వస్తే, తన ఒంటి మీద తనలాంటివాళ్లు దాదాపు ఇద్దరు ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. మెట్లెక్కగలదా అంటే నాకు నమ్మకం లేదు.

మెట్టరైతు | రాత్రి 8:05

అలాంటప్పుడు ఆ పాపని అడగకుండా అక్కడ కనడం ఏం న్యాయం?

హ్యూస్టన్ హరి | రాత్రి 8:30

నన్నడగకుండానే మా నాన్న నన్ను అమెరికా పంపించాడు అన్నా. కానీ నేను ఏటా సంక్రాంతికి వచ్చేస్తున్నా. ఈ లెక్కలో ఆ పాపకి అది కుదరదు, నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పాలకొల్లు పద్మ | సోమవారం, సాయంత్రం 5:50

చార్టు ఇచ్చేశాం. అందరికీ పేరుపేరునా థాంక్స్. ఉష్ణోగ్రత, పీడనం పక్కన తనే ఇంకో గడి గీసింది, "ఊపిరి బిగపట్టాలా, వదిలేయాలా" అని. అంగారకుడు: వదిలేయాలి. శుక్రుడి మబ్బులు: బిగపట్టాలి. టైటన్: బిగపట్టాలి, కళ్లు మూసుకోవాలి. గురుడు: ఏం చేసినా ఒకటే. అడుగున సేఫ్టీ ల్యాంపు బొమ్మ వేసి "సత్తెన్న తాత చెప్పారు" అని రాసింది.

టీచరు నవ్వి క్లాసంతా ఊపిరి బిగపట్టించారట. అందరికన్నా ఎక్కువ 58 సెకన్లు, వెనక బెంచీ కుర్రాడు. మా పిల్ల 44. ఇంట్లో వాళ్ల నాన్న 31. అన్నం తిన్నాక పెట్టారు, లెక్కలోకి రాదు, రేపు పొద్దున్నే మళ్లీ పెట్టాలంటున్నారు.